మూడుసార్లు చచ్చినవాడు

ఊరి పేరు అహో.
ఆశ్చర్యపోయి ఎవరో పెట్టింది కాదు,
స్పానిష్‌లో వెల్లుల్లి అని అర్థమట.
అరిజోనా ఎడారిలో, మూతపడ్డ రాగి గని అంచున
పాత బడి గోడకి తెల్ల దుప్పటి బిగించి
శనివారం రాత్రి సినిమా వేస్తున్నారు.
టికెట్ లేదు. ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకోవాలి.
గని గుంటలో నీటి లోతు కొలవడానికి వచ్చినవాణ్ణి,
మోటెల్ కుర్చీ ఒకటి మోసుకెళ్లి కూర్చున్నాను.

యాభై ఏళ్ల కిందట ఇటలీ నుంచి వచ్చినవాళ్లు
ఈ ఊళ్లోనే పదకొండు రోజుల్లో చుట్టేసిన సినిమా.
గుర్రాలు నాలుగు. ఎటు తిప్పి తీసినా నాలుగే.
సారా కొట్టుకి ముందు గోడ ఉంది, వెనక గోడ లేదు,
తలుపు తోసినప్పుడల్లా ఆకాశం కనిపిస్తోంది.
మూతులు ఒక దారిన, మాటలు ఒక దారిన.
హీరో పెదాలు మూసేశాక కూడా
"మా అన్నని చంపింది ముగ్గురు" అంటూనే ఉంది
ఎవరిదో గొంతు.

పాము పగ పన్నెండేళ్లంటారు మా వైపు.
ఇక్కడ ఎనభై నిమిషాల్లో తేలిపోవాలి.

పక్కన మడతకుర్చీలో ఒక ముసలావిడ,
ఒళ్లో వేయించిన గుమ్మడి గింజల పొట్లం.
ఎర్సీలియా ఓరోస్కో. అడక్కుండానే చెప్పింది పేరు.
మొదటివాడు మీసాలతో వచ్చాడు,
గుర్రాల తొట్టిలో పడి చచ్చాడు.
"మా ఆయన" అంది.
ఏమనాలో తెలీక తలూపాను.
రెండోవాడికి కంటి మీద నల్లగుడ్డ. మెట్ల మీంచి దొర్లాడు.
"అదీ మా ఆయనే."
మూడోవాడి గడ్డం గాలికి ఒక పక్క ఊడి
చచ్చేదాకా వేలాడుతూనే ఉంది.
"వాళ్ల దగ్గర డబ్బుల్లేవు కదా,"
గింజ కొరికి, ఉఫ్‌మని పొట్టు ఊదింది,
"చావుకి ఆరు డాలర్లు.
మనిషికి కాదు, చావుకి.
ఆ పద్దెనిమిదితో పాత స్టవ్ కొన్నాం,
నాలుగు మంటల్లో మూడు వెలిగేవి."

తెర మీద ఎవరో పాతిపెడుతున్నారు ఎవర్నో.
ఆవిడ గడ్డం ఎత్తి గోడ అవతలి చీకటి చూపించింది,
పొద్దున నేను తాడు దించిన వైపు.
"నాలుగోసారి అక్కడ.
రాళ్లు మోసే బెల్టు లాక్కుపోయింది.
కట్టెయ్, కట్టెయ్ అని అరిచారట అందరూ.
షిఫ్ట్ అయిపోవడానికి ఇరవై నిమిషాలుందని
ఆపలేదు ఫోర్‌మన్ హాడ్‌కాక్."

ఆయన సినిమావాళ్ల దగ్గర తెచ్చుకున్న తుపాకీ
అటక మీద ఉంది. చెక్కది, నల్లరంగు పూసింది.
కొంగున కాదు, కాగితం సంచిలో పెట్టుకుని
ఆదివారం పొద్దున్నే వెళ్లి తలుపు కొట్టింది.
వాడు రెండు చేతులూ పైకెత్తాడు, ఒక చేతిలో గరిటె.
లోపల పెనం మీద ఏదో మాడుతున్న వాసన.
ఎన్నో మాటలు కూడబెట్టుకుని వెళ్లిందట,
ఏడు నెలలుగా, రాత్రిళ్లు అద్దం ముందు.
"స్టవ్ కట్టెయ్" అంది.
వాడు కట్టేసే దాకా నిలబడి
ఇంటికొచ్చేసింది.

"తర్వాత?"
"తర్వాతేముంది, ఆ ఎండలో నడిచొచ్చాక దాహమేసింది."
"తుపాకీ?"
"వంటింటి కిటికీ జారిపోతుంది. దానికి అడ్డం పెడతాను."

ఆఖరి సీన్. ఊరంతా వీధికి రెండు పక్కలా నిలబడి
పగ తీరిన హీరోని సాగనంపుతోంది.
పొట్లం కింద పెట్టేసి ముందుకు వంగింది,
నా మోచెయ్యి పట్టుకుంది.
"అదుగో, పిప్ప పక్కన."
మీసం లేదు, గడ్డం లేదు, కళ్లు రెండూ ఉన్నాయి.
కుర్రాడు, టోపీ ఊపుతూ నవ్వుతున్నాడు,
తనని మూడుసార్లు కాల్చినవాడికేసి.

"జనం చాల్లేదని మళ్లీ పిలిచారు.
ఊరికే నిలబడ్డానికి, బతికున్న మనిషికి,
రెండు డాలర్లే ఇచ్చారు."