ఎక్కడ రాసుంది?

ఫహాహీల్‌లో మాకు శుక్రవారమే ఆదివారం.
చేపల మార్కెట్ వెనక, టైలరు షాపు మీద, రెండో అంతస్తు.
గోడకు సిలువ లేదు, గంట లేదు,
చెప్పులు మాత్రం మెట్ల దాకా ఉంటాయి.
ఏసీ గురక మీద గొంతు పెంచి
నేను వాక్యం చెబుతాను.
మిగతా ఆరు రోజులూ షుఐబాలో క్రేను తోలేవాణ్ణి,
కనిగిరి పక్కన పుట్టినవాణ్ణి.
నాకు అంగీ లేదు, పట్టా లేదు.
చేతులెత్తి ఎన్నుకున్నారు,
చేతులెత్తే దించగలరు కూడా.
మొన్న లెక్కపెట్టిన వాటిలో
ఇంజనీరు జెబదయ్య గారి చెయ్యి ఒకటి,
అంట్లు తోమి గోళ్ళు తెల్లబడ్డ దీవెనమ్మ చెయ్యి ఒకటి.
రెండూ కలిపితే రెండే.

దీవెనమ్మది రాజోలు వైపు.
నెలకు రెండు శుక్రవారాలు, రెండేసి గంటలు సెలవు.
మామ కారు కిందే ఆగి ఉంటుంది.

రెండేళ్ళ కిందట, ఆగస్టులో మునిగింది.
డాబా మీది తొట్టిలో నీళ్ళు
పొద్దుగూకినా చెయ్యి పెట్టనివ్వలేదు.
మార్కెట్ నుంచి నాలుగు ఐసు దిమ్మలు మోసుకొచ్చి వేశాం,
అవి కరిగేదాకా ప్రార్థించాం.
"చిన్నప్పుడే నుదుట చల్లారండి" అంది.
"అప్పుడు నీకు తెలుసా?"
"ఏడ్చానంట."

మా ముత్తాత గుండ్లకమ్మలో మునిగాడు.
ఇంట్లో ఇప్పటికీ ఆ మాట గొప్పగా చెప్పుకుంటాం.
కానీ ఆయన మునిగితే నేను తడవను.
ఎవరి నీళ్ళు వాళ్ళవే.
"ఇవి కడిగే నీళ్ళు కావమ్మా" అన్నాను,
"కడగడం ఎప్పుడో అయిపోయింది.
అయిందని నలుగురి ముందూ చెప్పడమే ఇది."
ఒక్కసారి సమాధిలోకి పోయినట్టు పోయి
లేచి వచ్చింది,
ఒళ్ళంతా చేపల వాసనతో, నవ్వుతూ.

ఆ తర్వాత అక్షరాలు అడిగింది.
ఫోన్లో నేను పలికి పంపితే
అన్నం ఆవిరి పట్టిన వంటింటి కిటికీ మీద
వేలితో దిద్దుకునేది.
అద్దం ఆరేలోగా నేర్చుకోవాలి.
గుణింతాలు వానాకాలమంటూ లేని ఊళ్ళో
అలా తడిలోనే వచ్చాయి ఆమెకు.

పోయిన నెల నేను గట్టిగా మాట్లాడాను.
పదో వంతు తేనివాళ్ళకు
ఈ బల్ల దగ్గర రొట్టె లేదన్నాను.
తలలు వంగాయి.
మూడు నెలలుగా జీతం అందని మనిషి
వెనక వరసలోంచి,
బియ్యంలో రాయి ఏరినంత నెమ్మదిగా:
"అది ఎక్కడ రాసుందన్నా?"

పేజీలు తిప్పాను.
ముందుకు, వెనక్కి.
ముప్పైమంది పేజీలు తిప్పారు.
ఆ చప్పుడు గువ్వలు లేచినట్టుంది.
"మా నాన్న చెప్పేవాడు" అన్నాను చివరికి.
"అంటే పుస్తకం చెప్పలేదు."

నా క్రేను కాబిన్‌లో ఒక పట్టిక అతికించి ఉంటుంది,
ఏ కోణంలో ఎంత బరువెత్తాలో.
మేనేజరు కింద నుంచి ఎంత అరిచినా
ఓనరే వచ్చి నిలబడినా
చివరి మాట దానిదే.
దాన్ని చదవడానికి నేనున్నాను,
దిద్దడానికి కాదు.
ఆ రోజు దాని మీద
నా చేతిరాతతో ఒక అంకె రాశాను.

తప్పయిందని చెప్పి కూర్చున్నాను.
మోకాళ్ళు కొంచెం వణికాయి, దాచను.
ఖుబూస్ ఒకటి చేతులు మారుతూ వెళ్ళింది.
అది రొట్టే, ఇంకేం కాలేదు,
జ్ఞాపకం మాత్రం చేసింది.
దీవెనమ్మ తన ముక్క తుంచుకుని
పక్కనున్న జెబదయ్య గారికి అందించింది.

కింద హారన్.
ఈ వారం చదివే వంతు ఆమెదే, నిలబడింది.
వేలు అక్షరం కింద, పెదవి అక్షరం వెనక.
"క్ష" దగ్గర ఆగింది.
ఇంజనీరు గారు అందించబోతే
ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది,
ఉండండి, నేనే.

రెండో హారన్.
ఎవ్వరం లేవలేదు.