ఎర్రచుక్క

పాత వణ్ణారపేటలో మా వరస ఇళ్ళకు
ఐదు వాటాలు, ఐదు సబ్‌మీటర్లు.
యూనిట్‌కి ఎంతన్నది ఇంటాయన నోటిమాట.

నేను జాకెట్లు కుడతాను.
నెత్తికి జానెడెత్తున అరవై వాట్ల గుండు బల్బు.
దాని కింద నల్లదారం, నేవీబ్లూ దారం
కవలపిల్లల్లా కలిసిపోయేవి.
పెళ్ళివాళ్ళ జాకెట్టొకటి
పగటి వెలుతురులో తిప్పి చూసుకుని
నా ముఖాన కొట్టి వెళ్ళారు.

మే నెలలో మిషను తొక్కుతుంటే
మాడు కాలేది,
చెమట సూదిమీద రాలేది.
ఆకాశం ఊరికే పోసే ఎండ చాలక
ఈ మద్రాసులో
డబ్బులిచ్చి మరీ వేడి కొనుక్కున్నదాన్ని.

వైరింగు చేసే ఇళంగో అన్నాడు:
"అక్కా, అది దీపం కాదు, పొయ్యి.
వెలుతురు దానికి పక్క వ్యాపారం."

నమ్మలేదు.
కొలత తీసుకోనిదే
నేను దేనికీ కత్తెర పెట్టను.

ఆ రాత్రి ఫ్యాను ఆపాం, ఫ్రిజ్ ఆపాం,
ఫోను చార్జరు కూడా పీకేశాం.
గుండు బల్బు ఒక్కటే.
నేనూ మా నవనీతా
మీటరు ముందు పీటలు వేసుకుని కూర్చున్నాం.
ఎర్రచుక్క కన్నుగీటింది.
పిల్ల లెక్క మొదలెట్టింది.
పంతొమ్మిది దగ్గర మళ్ళీ గీటింది.
మళ్ళీ పంతొమ్మిది. మళ్ళీ.
వీధి మలుపులో పోకిరిలా
ఒకటే గీటడం.

తొమ్మిది వాట్లది బిగించాను.
ఒకటి, రెండు...
యాభై దగ్గర పిల్లకి ఆవులింత.
తొంభై దగ్గర దోమ కుట్టింది, లెక్క తప్పలేదు.
నూట ఇరవై నాలుగు.
అప్పుడు గీటింది,
అప్పడగడానికొచ్చిన పెద్దమనిషిలా
మొహమాటంగా.

గోడమీది నూనెమరకలు,
నా పాపిట్లో నెరుపు
అన్నీ బయటపడ్డాయి. పడనీ.
నలుపు నలుపయింది, నీలం నీలమయింది.

పక్కవాటా మునిరత్నమ్మ మాత్రం ఒప్పుకోలేదు.
"ఆసుపత్రి వెలుగమ్మా అది,
రసం కూడా మందులా కనిపిస్తుంది."
వాదించలేదు.
అందులోనే పసుపురంగుదొకటి తెచ్చి
ఒక్క రాత్రికి అరువిచ్చాను.
ఆరు వారాలైంది. తిరిగివ్వలేదు.
నేనూ అడగలేదు.
ఆమె ఇడ్లీగిన్నె ఇంకా నా దగ్గరే ఉంది.

తక్కిన వాటాలవాళ్ళు
వాళ్ళంతట వాళ్ళే వచ్చి
మీటరు ముందు కూర్చుని లెక్కపెట్టుకు పోయారు.
నవనీత ఇప్పుడు వెయ్యిదాకా తడుముకోదు.

ఇక మెట్లమీది బల్బు.
ఐదిళ్ళదీ కాబట్టి ఏ ఇంటిదీ కాదు.
పొద్దెక్కినా ఎవరూ ఆర్పరు.
దాని బిల్లు ఐదు ముక్కలై
అందరి చీటీల్లోనూ అణిగి ఉంటుంది.

ఇవాళ స్టూలెక్కాను.
స్విచ్చి ఆపి, కొంగు చేతికి చుట్టి పట్టుకుంటే
చుర్రుమంది.

"కరెంటు పోయిందా?"
కింద నుంచి మునిరత్నమ్మ కేక.

కొత్తది చంకలో పెట్టుకుని
చీకట్లో అలాగే నిలబడ్డాను.

"పోలేదు.
కాస్త చల్లారనీ."