గుడిదీర్ఘం

ముందు ఫొటో పంపుతారు.
నల్లగుడ్డ మీద పడుకోబెట్టి, పక్కన ఎండిన పువ్వొకటి పెట్టి
"అరవై ఏళ్ల నాటిది, అమ్మమ్మ పెట్టెలో దొరికింది" అని రాస్తే
నిన్నటి పిన్నీసుకి కూడా అమ్మమ్మ పుడుతుంది.

నేను ఫొటోలు చూడను.
కురుపాం మార్కెట్ వెనక సందులోకి తెమ్మంటాను.
పీట మా నాన్నది, భూతద్దం మా నాన్నది,
కన్నొక్కటే నాది, దానికీ మొన్ననే శుక్లం తీశారు.

నిన్న దామోదర్ పాత్రో తెచ్చాడు
టిష్యూ కాగితంలో చుట్టి, ఊపిరి బిగబట్టి.
ఏడువేల ఆరొందలు పోశాడట.

దీపశిఖ.
మహారాణిపేట ఆడపిల్లల హాస్టల్లో
యాభైతొమ్మిదిలో ఇరవైయేడుగురు కట్టుకున్న సంఘం.
తొమ్మిదికి లైట్లార్పేస్తే బుడ్డిదీపం చుట్టూ చేరి
పరీక్షలకి చదివారు, వార్డెన్‌ని తిట్టారు,
ఒకళ్ల ఫీజు ఇంకొకళ్లు కట్టారు.
పైట మీద గోరంత బిళ్ల:
నీలం మీనా, నడుమ పసుపు జ్వాల.

అరచేతిలో వేసుకున్నాను.
రాగి అయితే కాస్త ఆలోచించి కూర్చుంటుంది.
ఇది దూకింది.

పంటికి తాకించాను.
బట్టీలో కాలిన గాజు టక్కుమంటుంది.
ఇది నోరు మెదపలేదు.

"అరుగుదల చూడు బాబూ.
రోజూ పొద్దున్నే బిళ్ల పెట్టుకునే పిల్లకి
బొటనవేలు ఒక్కచోటే పడుతుంది.
ఇది అంచు నుంచి అంచుకి ఒకేలా అరిగింది.
మనుషులు అంత న్యాయంగా అరగదీయరు.
చిలుమేమో దోసె మీద నెయ్యిలా పైనుంచి పూశారు.
మన ఉప్పుగాలి అలా రాదు,
మడతల్లో దూరి, లోపల్నుంచి తింటుంది."

పాత్రో మొండివాడు.
"గుడిదీర్ఘం చూడండమ్మా, ఎడమకే తిరిగింది!"

అవును. తిరిగింది.

మా నాన్న పొట్నూరి సన్యాసాచారికి
చదువు తక్కువ, చెయ్యి ఎక్కువ.
అచ్చు తిరగేసి చెక్కాలి కదా,
అన్నీ తిరగేశాడు, ఆ ఒక్క కొమ్ముని మరిచిపోయాడు.
ఇరవైయేడూ కొట్టేశాకే చూసుకున్నాడు.
బిళ్లకి పావలా తగ్గించుకుంటానని
వణుకుతూ హాస్టల్ గేటు దగ్గర నిలబడితే
సారిపల్లి హైమవతి నవ్విందట:
"ఉండనివ్వండి ఆచారిగారూ,
సముద్రం గాలికి దీపం అటే వాలుతుంది."
పావలా తగ్గించనివ్వలేదు.

ఈ కథ నేనొకసారి గొప్పకి పోయి
ఒక బేరగాడికి చెప్పాను, టీ కూడా ఇప్పించి.
ఆర్నెల్లు తిరక్కుండా
వేట నిషేధం ఎత్తేసిన మర్నాటి చేపల్లా
ఎడమ కొమ్ముల దీపశిఖలు మార్కెట్లో పడ్డాయి.
ఒప్పు చెక్కినప్పుడు నాన్నకి సరిగా కూలి రాలేదు.
ఆయన తప్పు మాత్రం ఇవాళ ఏడువేల ఆరొందలు.

ఇంకో గుర్తుంది.
ఆ రాత్రి లాంతరు పట్టుకుని పక్కన కూర్చున్నదాన్ని,
ఆరేళ్లదాన్ని, నా వల్లే పడింది ఆ గుర్తు.
అద్దం పెట్టి వెతికితే తప్ప కనబడదు.
పాత్రోకి చెప్పలేదు.
మీకూ చెప్పను.

"అయితే దొంగదేనా?" అన్నాడు.
"బిళ్ల దొంగది. కొమ్ము మా నాన్నది."
కాసేపు ఏమీ అనలేదు. బయట కొబ్బరిబోండాల బండివాడు
ఎవరితోనో చిల్లర కోసం గొడవపడుతున్నాడు.

తిరిగి పంపించెయ్యమన్నాను, డబ్బులొస్తాయన్నాను.
వినలేదు.
టిష్యూ పారేసి, బిళ్ల చొక్కా జేబుకి గుచ్చుకుని,
వంకరగా ఉందని సర్దుకుని, మళ్లీ సర్దుకుని
మెట్లు దిగాడు.

బొటనవేలు రెండుసార్లూ
ఒక్కచోటే పడింది.