నలభై ఒకటి తక్కువ

పాలు పొయ్యని రోజు క్యాలెండర్ మీద
మా అమ్మ సున్నా చుట్టేది.
నెలాఖరుకి సున్నాలన్నీ తీసేసి
పాలాయన చేతిలో లెక్క పెట్టేది.
రెజైనాలో సర్కారు లెక్కా అంతే.
ఐదేండ్లలో వెయ్యిన్నీ తొంభై ఐదు దినాలు
ఆ మంచులో నా కాళ్ళుండాలె.
లేని దినానికి సున్నా.
పెండ్లికి పోయినవా, చావుకా,
ఊరికెనే మామిడిపండ్లకా,
సున్నాకి కారణం రాసే గడి లేదు.

నా సున్నాలన్నీ పురానీ హవేలీలో ఉన్నయ్,
కోర్టు వరండాలో
మూడో బెంచీకి, నీళ్ళ డ్రమ్ముకి నడుమ.

జంగయ్య ఆటోలో వెనక కూర్చున్నదాన్ని నేను.
వీసా వచ్చిన వారం, చీకటి పడ్డంక,
సూట్‌కేసు కొననీకి కోఠీ పోతున్న.
బేరమాడి ఇరవై తగ్గించిన.
చాదర్‌ఘాట్ వంతెన మీద
ఇసుక లారీ దీపాల్లేకుండ వచ్చింది.
నాకు మోచేతి కాడ ఏడు కుట్లు.
జంగయ్యకు కుట్లు వెయ్యలే.

తప్పు చచ్చినోనిదే అన్నది బీమా కంపెనీ.
కాదని చెప్పనీకి మొదటిసారి వచ్చిన:
వకీళ్ళ సమ్మె. పందొమ్మిది సున్నాలు.
తర్వాతోసారి జడ్జిగారు బదిలీ.
ఇంకోసారి ఫైలు దొరకలే, దొరికేదాక నాలుగు నెలలున్న,
దొరికిన్నాడు అవతలి వకీలు కంటికి ఆపరేషన్.
వీడియోలో చెప్తానంటే కోర్టు ఒప్పుకుంది,
కోర్టు నెట్టు ఒప్పుకోలే;
నా బొమ్మ నోరు తెరిచి అట్లనే నిలబడిపోయిందట.
"వాయిదా" అని బంట్రోతు అరిచినప్పుడల్లా
పన్నెండు వేల కిలోమీటర్ల అవతల
నా దరఖాస్తు ఓ మెట్టు దిగేది.

నాతోపాటే అక్కడికొచ్చిన సులోచన
ఈ ఎండాకాలం పౌరసత్వ ప్రమాణం చేసింది.
ఫోటో పంపింది, చేతిలో చిన్న జెండా, పక్కన కేకు.
"నువ్వింకా తిరుగుతనే ఉన్నవా?" అన్నది.
తిరుగుడు!
నేనేదో షికారు పోయినట్టు.

అండాలు, జంగయ్య భార్య,
నన్నెన్నడూ రమ్మని అడగలే.
స్టీలు డబ్బాలో సర్వపిండి తెచ్చేది,
సగం విరిచి నాకిచ్చి
సగం మీద మళ్ళ మూత పెట్టేది,
పిల్ల బడి నుంచి వస్తదని.
ఆ పిల్ల మొదటి వాయిదాకి మూడో తరగతి.
ఇప్పుడు ఆరు.

నిన్న పిలిచిన్రు.
బోనెక్కిన. దేవుని సాక్షిగా అనుమన్నరు, అన్న.
ఈ ఏడు నా ప్రమాణం గట్లయిపోయింది,
కేకు లేదు, నెత్తి మీద ఫ్యాను కిర్రుమంటున్నది.
పేరు? వకుళ.
వయసు? నలభై మూడు.
శాశ్వత నివాసం?

ఆగిన.
టైపు కొట్టే పిల్లగాడు వేళ్ళు పైకెత్తి పట్టుకున్నడు.
నా కార్డు మీద శాశ్వతమనే ఉంటది,
ఐదేండ్లకోసారి అది మార్చుకోవాలె.
దిల్‌సుఖ్‌నగర్ ఇంట్ల వేరేవాళ్ళు కిరాయికున్నరు.
"ఏదో ఒకటి చెప్పమ్మా" అన్నది జడ్జమ్మ.
ఏదో ఒకటి చెప్పిన.
రాసుకున్నరు.

మొత్తం పదకొండు నిమిషాలు.
లారీకి దీపాల్లేవన్న.
ఆటో ఎడమ పక్కనే ఉండెనన్న.
ఇరవై రూపాయల సంగతి ఎవరూ అడగలే,
నేనూ చెప్పలే.

ఈ వేళకి నా పేర వెయ్యిన్నీ యాభై నాలుగు.
నలభై ఒకటి తక్కువ,
మాల వేసుకున్నోళ్ళ దీక్షంత.

ఆ రూల్లోనే ఇంకో ముక్క ఉంది:
అక్కడ బయల్దేరిన రోజు, తిరిగి చేరిన రోజు
రెండూ అక్కడున్నట్టే రాసుకోవచ్చు.
రేపు తెల్లారుజామున మూడింటికి విమానం.
సూర్యునితోపాటే పోతది కాబట్టి
దిగేసరికి అక్కడ కూడ రేపే.
తారీఖు మారినంక, శంషాబాద్ తొవ్వల
చాయ్ బండి కాడ ఆపమంట.
అండాలు సాగనంపనీకి వస్తనన్నది.
ఉస్మానియా బిస్కెట్ ముంచుకొని తింటం ఇద్దరం.
వాళ్ళ లెక్కల ఆ చాయ్
నేను రెజైనాలో తాగినట్టు.

అండాలు ఎక్కడ తాగినట్టో.