తప్పొప్పుల పట్టిక

రాయపేటలో ప్రెస్సు మూసేశాక
నా ఎర్రకలానికి పని లేదు.
ఒకాయన ఫోన్ చేశాడు.
"అమ్మా, ర్యాప్ పాట. తెలుగు. అవార్డు కమిటీ చదవాలి.
విని, తప్పుల్లేకుండా టైపు చేసివ్వండి.
ఏడొందలిస్తాం."

పాడినవాడు వ్యాసర్పాడి కుర్రాడు.
ఇంట్లో ఏసుపాదం, పోస్టర్ మీద మూత.
మూడు తరాలుగా చెన్నపట్నం వీధులూడ్చిన తెలుగు అది,
బడిలో పలక దొరకని తెలుగు,
సగం అరవం కలిసినా ఉడుకు తగ్గని తెలుగు.
ఇయర్‌ఫోన్లు మనవడివి.
నలభైసార్లు ఆపి, వెనక్కి తిప్పి విన్నాను.

నాన్న దిగిన గుంత లోతు చెప్పాడు,
పద్దెనిమిది అడుగులు.
గట్టున నిలబడ్డ ఇంజనీరు
ముక్కుకి అడ్డం పెట్టుకున్న జేబురుమాలు
లేత నీలం అని చెప్పాడు.
అక్కడ ఆగిపోయాను.
ముప్పై ఏళ్ళలో ఎన్ని స్మృతిగీతాలు దిద్దానో,
ఒక్కదాంట్లోనూ ఎవరి జేబురుమాలుకీ రంగు లేదు.

ఆ వెంటనే, ఇంజనీరు తల్లి మీద
ఒక బూతు.

దానికే కదా ఊరు లేచింది.
టీవీలో ఆరు కిటికీలు, ఆరు తలలు.
ఒకాయన సంస్కృతి అన్నాడు,
గ్లాసెడు నీళ్ళు తాగి మళ్ళీ సంస్కృతి అన్నాడు.
ఒకామె అది బూతు కాదు, నిప్పు అంది.
గుంత ఎవరు తవ్వారని
ఆరుగురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.
కమిటీకి మాత్రం ఒకే సందేహం:
"ఆ మాటకి ఒత్తు ఉందా అమ్మా?"
ఉందన్నాను.
మా నాయనమ్మ తిట్టేటప్పుడు ఉండేది.

మూడో చరణం పదకొండో పాదం గురించి
ఎవరూ అడగలేదు.
అందులో బూతు లేదు. వ్యాకరణం సరిగ్గా ఉంది.
ప్రాస కూడా కుదిరింది.
'దీవెన స్కూటీ ఎట్టొచ్చె?
సూపర్‌వైజర్ రేటిచ్చె.'

పేరులో దీర్ఘం సరిచూసుకోవాలన్న వంకతో
వ్యాసర్పాడి బస్సెక్కాను.
వీధి మొదట్లో గోళీలాడే పిల్లలే
ఇల్లు చూపించారు,
ఆ పాదం పాడుతూ.

దీవెన కుట్టుమిషను కంపెనీ నుంచి అప్పుడే వచ్చింది,
వేళ్ళ మీద దారం పోగులు.
స్కూటీ గోడకి ఆనించి ఉంది,
సీటు మీద ఎవరో మేకుతో గీసిన అంకె.
రేటు.

"అవార్డు ఇయ్యొద్దని చెప్పనా?" అన్నాను.
నాకేదో అధికారం ఉన్నట్టు.

"ఇయ్యనీండి మేడమ్.
గుంత సంగతి అబద్ధం కాదుగా.
వాళ్ళ నాయన దిగిన రోజు
తాడు పట్టుకున్నది మా నాయనే.
అరిచేతులు రెండూ ఊడొచ్చినాయి,
ఆనక చీపురు పట్టలేకపోయినాడు.
ఆ పాటలో మా నాయన పేరు లేదు.
నా పేరుంది."

కాసేపు దారం పోగులు ఏరుకుంది.

"బండి ఫైనాన్సుది.
ఇంకా పదకొండు కంతులున్నాయి.
రాసుకోండి, మీరు రాసేవాళ్ళు కదా."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని
జేబురుమాలు గురించి ఆలోచించాను.
అంత చూసిన కన్ను
రోజూ ఎదురింటి ముందున్న అరిచేతులు చూడలేదా?
ఏడేళ్ళ పిల్లాడికి ఏం కనబడిందో అదే పాడాడా?
దీవెన విషయంలో ఏడేళ్ళవాడు కాదే.
కోపం వచ్చింది. పాట మళ్ళీ విన్నాను.
గుంత దగ్గరకొచ్చేసరికి మళ్ళీ ఒళ్ళు జలదరించింది.
రెండూ నిజమే. ఏం చెయ్యను?

రాత్రి పాటంతా టైపు చేశాను.
బూతుకి ఒత్తిచ్చాను.
చివర, ఎవరూ అడక్కపోయినా,
పాత అలవాటు కొద్దీ, ఒక పేజీ.
చరణం 3, పాదం 11.
తప్పు: దించి రాశాను, అక్షరం పొల్లుపోకుండా.
ఒప్పు: పదకొండు కంతులు.
దాని కింద: తాడు పట్టినవాడు గుంటి దానియేలు.

పొద్దున్నే ఏడొందలు వచ్చిపడ్డాయి.
వెనకే మెసేజ్:
"అమ్మా, చివర ఒక పేజీ ఎక్కువొచ్చింది.
తీసెయ్యమంటారా?"

అవార్డు ఆదివారం.
ఇవాళ శుక్రవారం.
ఎర్రకలం మూత ఎక్కడో పడిపోయింది,
మంచం కింద వెతుకుతున్నాను.