డోసు

కర్నూలు పెద్దాసుపత్రి, మూడో అంతస్తు,
కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గది నాది.
బయట మే నెల. హంద్రీ ఎండి రాళ్లు తేలింది.
లోపల నేనూ, మైక్రోస్కోపూ,
బోయ సుంకన్న, నలభై ఏడేళ్లు
అని రాసిన గాజుపలకా.

మూడు వారాల కింద వచ్చినాడు.
పిక్కల మీద ఊదా మచ్చలు,
నేరేడుపండ్లు రాలి చితికినట్టు.
చెప్పు కాలి నుంచి జారిపోయినా
నాలుగడుగులు నడిచినాక గాని తెలియదంట.
ఉచ్చ టీ డికాక్షన్ రంగు.

పనేందంటే, నీళ్ల ట్యాంకు కాడ బ్లీచింగ్ కలిపేది.
ఇరవై రెండేళ్లుగా
ఊరి నీళ్లలో పురుగును చంపేది.
వేళ్లకు ఆ వాసన పోదు,
అన్నం ముద్దకూ అదే వాసన, అని నవ్వినాడు.

నేను నవ్వలేదు.
తెల్లకణం కడుపులోనూ
ఒక బ్లీచింగ్ మూట ఉంటుందని నాకు తెలుసు.
ఆ ఎంజైము పేరుకు నోరు తిరగదు,
రంగు మాత్రం పచ్చన.
చీములో కనిపించే పచ్చదనం దానిదే.
పురుగొస్తే కణం మూట విప్పుతుంది, చల్లుతుంది, చస్తుంది.
నౌకరీ అంతే.

ఎవరు రాశారో, ఎందుకు రాశారో,
సుంకన్న నెత్తుట్లో తప్పుడు చీటీలు పుట్టినాయి.
నేరుగా ఆ మూటకే అంటుకునే చీటీలు.
పురుగు లేదు, మురుగు లేదు.
చీటీ పడింది, మూట పగిలింది,
వెంట్రుకంత రక్తనాళం గోడ మీద.

పెద్ద డాక్టరు రౌండ్సులో అన్నాడు:
"కంచే చేను మేసింది."
సుంకన్న ఒప్పుకోలేదు.
"కంచె మేయలేదు సార్. డోసు తప్పింది.
నేనూ ఒకసారి రాత్రి డ్యూటీలో
రెండు మూటలేసినా, ఎవురో ఫోన్ చేసి చెప్పినారని.
పైపుల జాయింట్లు తినేసింది.
నాది దొంగబుద్ధి కాదు గదా."

ఈరోజు స్టెరాయిడ్లకు బుగ్గలు ఉబ్బి
తలుపు కాడ నిలబడినాడు, కాలు ఈడ్చుకుంటా.
"సూడొచ్చునా మేడం?"
రూల్సు ఒప్పుకోవు.
స్టూలు జరిపినాను.

చీకట్లో, నల్లటి నేల మీద,
కణం నడిబొడ్డు చుట్టూ మెరిసే పచ్చ.
శానాసేపు చూసినాడు. ఊపిరి కూడా మెల్లగా.
"మా ఆరెకరాల్లో యానాడూ
ఇంత పచ్చగా సూడలేదు."

ఆ కణాలు ఎవరో దాతవని,
అతనివి వాటికి అతుక్కున్న చీటీలు మాత్రమేనని
చెప్పబోయి ఊరుకున్నాను.
పోయినసారి కంటే పచ్చ తగ్గింది, అన్నాను.

"తగ్గితే మంచిదేనా?"

మంచిదే సుంకన్నా.
ఈ సీమలో పుట్టి ఆ మాట అనడానికి
నోరు ఓ పట్టాన తిరగలేదు.