లోపల రెండించులు

వరంగల్ చౌరస్తాల మా మ్యాచింగ్ సెంటర్‌ల
పచ్చలే అరవై తీర్లున్నయి.
చిలకపచ్చ, పెసరపచ్చ, పిస్తపచ్చ,
వాన వెలిసినంక పోచమ్మమైదాన్ గోడ మీది పాకురుపచ్చ.
ఆఖరుది నేను పెట్టిన పేరు, ఏ కంపెనీ కార్డుల లేదు.
అయినా పోయిన దసరాకు
మూడు థాన్లు ఆ పేరు మీదనే అమ్ముడువోయినయి.

నా పేరు యాకలక్ష్మి.
మా నాయిన కొత్తవాడల శత్రంజీలు నేసేటోడు,
ఊరందరి కాళ్ల కింద మెత్తన,
ఆయన మోకాళ్లల్ల ఒక్కటే గరుకు.

గిరాకి లేని పగటీలి
బిల్లుబుక్కు వెనుకదిక్కు రాసుకునేదాన్ని.

ఎనుమాముల మిర్చి సేటు
బిడ్డ పెండ్లికి సూటు తొడిగిండు, మే నెలల.
సూటు నిలవడ్డది, సేటు లోపల్లోపల కరిగిండు.
ఫోటో తీసే యాళ్లకు టై ఒక్కటే మిగిలింది.

కాజీపేట పెండ్లిల ఒకామె
జాకిటి వీపుకు కిటికీ కోపిచ్చి, కిటికీకి గంటలు కట్టిచ్చింది.
పీటల కాడ వంగితే గణగణమన్నయి,
హారతి అనుకొని అయ్యగారు కండ్లు మూసి దండం పెట్టిండు.

పరకాల బస్సుల టీచరమ్మ.
బుడ్డచేతుల జాకిటి, ఒక్కో చెయ్యి ఒక్కో గుమ్మడికాయ.
కండక్టరు జర సేపు సూసి
మూడు టికెట్లు చింపిండు.

ఒకనాడు చిల్లర తొందరల
ఆ కాయితమే బిల్లని ఇచ్చిన.
తెల్లారి ఆయన మళ్లొచ్చిండు.
లైనింగు వాపసా సార్, అన్న.
కాదమ్మా, దీని తర్వాతిది ఏది, అన్నడు.
పేపర్ల పనిజేస్తడట, ఆదివారం పేజీల జాగ ఉన్నదట.

వారానికి నూటయాభై.
సేటు మాత్రం రెండు బిల్లుబుక్కుల పైసలు జీతంల కోసిండు.
పేరు అచ్చుల సూసి మా నాయిన
అక్షరాలు సదవలే, కాయితాన్ని వేళ్ల నడుమ రుద్ది
నేత పలుచగున్నది బిడ్డా, అన్నడు.

ఎనిమిదో వారం ఆమె వచ్చింది.
చేతుల నా ముక్క, లామినేషన్ చేపిచ్చి.
ఇది నేనే గదా, అన్నది.
కత్తెర ఎక్కడ పెట్టిన్నో మరిచిపోయిన.

ఆపరేషనైనంక ఈ చెయ్యి వాచింది.
బుడ్డచేతులైతే రెండూ ఒక్కతీరు కనవడ్తయి, అన్నది.
అని, నా మొకం సూసి తనే నవ్వింది.
కండక్టరు ముచ్చట మాత్రం అబద్ధం,
నాకు బస్ పాసున్నది.
అదే గుడ్డ ఇంకో మీటరియ్యి, నీళ్లకు రంగు దిగదు గదా?

దిగదు, అన్న.
మీటరుకు నాలుగేళ్లు ఎక్కువనే కొలిచిన.
సేటు సూడలే.

ఆ వారం రాయలే. పేపరాయన రెండుసార్లు ఫోన్ జేసిండు.
గల్లీ చివర మొయిన్ చాచా దగ్గరికి వోయిన,
ఆమె జాకిట్లన్నీ ఆయనే కుట్టేది.
నీకెరుకనేనా, అన్న.
ఒక చెయ్యి పదకొండు, ఒకటి పద్నాలుగు.
కొలతలు బయట చెప్తమా బేటా?
మిషిన్ ఆపకుంటనే అన్నడు.
నవ్వు మంచిగనే కుట్టినవ్ గని టైటు కుట్టినవ్.
లోపల రెండించులు వదులు.
మనిషి రేపు ఏ తీరు అయితదో దర్జీకేం తెలుసు.

తర్వాత ఆమె గురించి రాసిన.
గుమ్మడికాయలు అట్లనే ఉంచిన, ఆమెనే ఉంచమన్నది.
నవ్వు యాడ ఆగాల్నో ఎతుకుతుంటే
నాలుగు పేజీలైనయి, తర్వాత నలభై.
ఇప్పటికి రెండు పుస్తకాలు.
రెండోదాని అట్ట పాకురుపచ్చ.

మొన్న హన్మకొండ సభల శాలువ కప్పిండ్రు.
రచయిత్రి అని మైకుల అంటే
ఎవలో అనుకొని ఎనక్కి తిరిగిన.
శాలువ పాలిస్టరు, మీటరుకు తొంభై.
అక్కడ పెద్దలు నా హాస్యం గురించి మాట్లాడుతుంటే
చెయ్యి దానంతటదే అంచు కిందికి వోయింది
లోపలెంత వదిలిండ్రో సూద్దామని.
కుట్టే లేదు. పోగులు ఊడుతున్నయి.
తలకాయ వంచి, పండ్లతోని కొరికి,
ముడేసిన.